ఈ అంకెలు ఎవరి తాలూకు? పాత టోపోషీట్‌ని, నేటి జీపీఎస్‌ని కలిపే పద్ధతి

2008 వేసవిలో నందిగామ పక్కన ఒక పైపులైను పనికి వెళ్ళాను. డిజైన్ చేసిన ఆఫీసు వాళ్ళు లైను మలుపుల అక్షాంశాలు, రేఖాంశాలు ఒక కాగితం మీద రాసిచ్చారు. పాత టోపోషీట్, అంటే సర్వే ఆఫ్ ఇండియా అచ్చువేసిన మ్యాపు, మీద స్కేలు పెట్టి తీసిన అంకెలవి. వాటిని చేతి జీపీఎస్‌లో ఎక్కించి, అది చూపించిన చోటల్లా పెగ్గు కొట్టుకుంటూ పోయాం. నాలుగో పెగ్గు ఒక మామిడి తోట నడుమ పడింది. తోట రైతు వచ్చి నిలబడ్డాడు. "డొంక వెంట పోతుందని ఊళ్ళో చెప్పారు కదా సార్, మీరేంటి నా తోటలో కొడుతున్నారు?" అన్నాడు. ఆయన చెయ్యి చూపించిన డొంక మాకు వాయవ్యంగా, రెండు వందల మీటర్ల అవతల ఉంది.

జీపీఎస్ చెడిపోయిందనుకున్నాను. బ్యాటరీలు మార్చాను. వెనక్కి వెళ్ళి మిగతా పెగ్గులు చూశాను. ప్రతిదీ ఉండాల్సిన చోటికి ఆగ్నేయంగా, ఇంచుమించు అంతే దూరంలో ఉంది. చెడిపోయిన యంత్రం ఇంత పద్ధతిగా తప్పు చెప్పదు. రాత్రి ఇంటికొచ్చి టోపోషీట్ అంచున చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాక విషయం తెలిసింది. షీట్‌లోని అంకెలు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ మీద, అంటే పాత సర్వేవాళ్ళు భూమికి అనుకున్న కాస్త నొక్కిన బంతి ఆకారం మీద, లెక్కగట్టినవి. నా జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క మీద చెబుతోంది. అంకెలూ సరైనవే, యంత్రమూ సరైనదే. ఈ రెండింటినీ ఒకే భూమికి చెందిన లెక్కలనుకోవడమే నేను చేసిన తప్పు.

మన ఊళ్ళలో కొత్త మనిషి అరుగు ఎక్కితే ముందు అడిగేది "మీదే ఊరు? ఎవరి తాలూకు?" అని. కోఆర్డినేట్, అంటే ఒక చోటును చెప్పే అంకె, చేతికొచ్చినప్పుడు కూడా అదే అడగాలి. ఏ డేటమ్ (భూమికి ఏ ఆకారాన్ని, ఎక్కడ ముడివేసి లెక్కించారన్నది) తాలూకు? ఏ సంవత్సరం తాలూకు? ఎత్తు దేని మీద నుంచి? ఈ మూడూ తెలియని అంకెతో పని మొదలుపెట్టకూడదని ఆ రోజు అనుకున్నాను. ఆ ప్రశ్నలు ఎందుకు పుట్టాయో, జవాబు వచ్చాక ఏం చెయ్యాలో, నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలకు చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను.

గుట్ట మీది గుర్తు

మా పక్క మండలంలో ఒక గుట్ట ఉంది. పైన చిన్న గుడి, దాని వెనక చదునైన బండ. బండ మీద ఉలితో చెక్కిన ఒక గుండ్రటి గీత, మధ్యలో చుక్క. గీత లోతు చిటికెన వేలి గోరు మందం ఉంటుంది, అంతే. వాన నీరు నిలిచి నిలిచి చుక్క చుట్టూ నల్లటి పాచి కట్టింది. పూజారి గారు అది ఎవరో సిద్ధుడి గుర్తని చెబుతారు. అది త్రికోణ సర్వే స్టేషన్ గుర్తు. ఆ చుక్క మీద లంబం దించి, పైన థియోడొలైట్ పెట్టి, పదుల మైళ్ళ దూరంలో ఉన్న మరో గుట్టను చూసి కోణం కొలిచారు. తొలి రోజుల్లో వాడిన పెద్ద థియోడొలైట్ బరువు అర టన్ను. దాన్ని మనుషులే మోశారు.

విలియం లాంబ్టన్ ఈ సర్వేను 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ బేస్‌లైన్‌తో మొదలుపెట్టాడు. గొలుసుతో ఒక్క గీతను అతి జాగ్రత్తగా కొలిచి, ఆ తర్వాత కోణాలతోనే దేశమంతా అల్లుకుంటూ పోవడం ఈ పద్ధతి. 1818లో జార్జ్ ఎవరెస్ట్ ఆయనకు సహాయకుడిగా హైదరాబాద్ వచ్చాడు. 1823లో లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో చనిపోయాక పని ఎవరెస్ట్ చేతికొచ్చింది. ఆ కొలతల నుంచి ఆయన 1830లో భూమికి ఒక ఆకారం లెక్కగట్టాడు. దాన్నే ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ అంటున్నాం. దాన్ని నేటి మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ గుట్ట మీద భూమికి ముడివేశారు. మన పాత మ్యాపుల్లోని ప్రతి అక్షాంశం, రేఖాంశం ఆ గుట్ట నుంచి మొదలైన లెక్కే.

ఇందులో ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. వాళ్ళకు భూమి కేంద్రం ఎక్కడుందో తెలుసుకునే దారి లేదు. మన దేశం నేలకు బాగా అతికే ఆకారం కావాలనుకున్నారు, అది సాధించారు. కానీ ఆ ఆకారం కేంద్రం భూమి అసలు కేంద్రానికి సుమారు 830 మీటర్ల పక్కన పడింది. ఉపగ్రహాలు మాత్రం భూమి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతాయి. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 ఆ కేంద్రం మీదే కూర్చుంది. ఈ రెండు కేంద్రాల మధ్య ఎడమే నన్ను మామిడి తోటలోకి తీసుకెళ్ళింది.

ఆ పాత సర్వేను తక్కువ చేసి మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. దేశం లోపల రెండు గుట్టల మధ్య దూరం ఎంత అంటే వాళ్ళ జవాబు ఇవాళ్టికీ ఆశ్చర్యపరుస్తుంది. వాళ్ళ అంకెల్ని మనం వేరే చట్రంలో పెట్టి చదువుతున్నాం, అంతే తేడా.

టోపోషీట్‌ని నేటి చట్రంలోకి తెచ్చే విధానం

ముందు షీట్ అంచు చదవండి. 56 కె/11 లాంటి పాత నంబరుంటే దాదాపుగా ఎవరెస్ట్, పాలీకోనిక్ ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని కాగితం మీద పరిచే ఒక పద్ధతి). 2005 జాతీయ మ్యాపు విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84, యూటీఎంలో (భూమిని జోన్లుగా కోసి మీటర్ల గళ్ళలో చూపే పద్ధతి) ఉంటాయి. అంచున ఏముంటే అదే ప్రమాణం. షీట్ రంగు చూసో, అచ్చు పాతదనం చూసో ఊహించుకోవద్దు.

ఎవరెస్ట్ షీట్ అయితే క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో జియోరిఫరెన్సర్ (బొమ్మను కోఆర్డినేట్లకు అతికించే పనిముట్టు) తెరిచి స్కాన్ చేసిన బొమ్మ ఎక్కించండి. 50,000కి ఒకటి స్కేలు షీట్ పదిహేను నిమిషాల అక్షాంశం, పదిహేను నిమిషాల రేఖాంశం ఉంటుంది. ప్రతి అయిదు నిమిషాలకూ గీతలు కలిసే చోట్లున్నాయి. మూలలతో కలిపి మొత్తం పదహారు. నాలుగు మూలలతో సరిపెట్టుకోకండి, పదహారూ నొక్కండి. పాత కాగితం తేమకు ఒక వైపు సాగి ఉంటుంది, మడతల దగ్గర ముడుచుకుని ఉంటుంది. పదహారు పాయింట్లిస్తే ఆ వంకర ఎక్కడుందో మిగులు తేడాల పట్టికలో కనిపిస్తుంది.

ఇక్కడే అందరూ పొరబడేది. ఈ పాయింట్లకు కోఆర్డినేట్ సిస్టమ్ అడిగినప్పుడు అలవాటు కొద్దీ డబ్ల్యూజీఎస్ 84, అంటే ఈపీఎస్‌జీ అనే కోడ్ల జాబితాలో 4326 ఎంచుకుంటారు. మీరు టైపు చేస్తున్న అంకెలు షీట్ మీదివి, కల్యాణ్‌పూర్ తాలూకువి. కాబట్టి కల్యాణ్‌పూర్ 1975 ఎంచుకోవాలి. దాని కోడ్ 4146. ముందు అంకె ఎవరిదో వాళ్ళకే రాయాలి. మార్పు తర్వాతి పని.

అలా బొమ్మను దాని సొంత చట్రంలో కూర్చోబెట్టాక, వార్ప్ అనే పనిముట్టుతో మీ పని చట్రంలోకి మార్చండి. విజయవాడ, హైదరాబాద్ రెండూ యూటీఎం 44వ జోన్‌లోకే వస్తాయి, కోడ్ 32644. అంతకుముందు సెట్టింగుల్లోకి వెళ్ళి, డేటమ్ మార్పిడికి ఒకటి కంటే ఎక్కువ దారులుంటే నన్ను అడుగు అనే గడిలో టిక్ పెట్టండి. లేకపోతే సాఫ్ట్‌వేర్ తనకు తోచిన దారిలో మార్చేస్తుంది, లేదా అసలు మార్చకుండానే మార్చినట్టు చూపిస్తుంది. భారతదేశానికి సాధారణంగా వాడే మూడు సంఖ్యలు 295, 736, 257. కల్యాణ్‌పూర్ కేంద్రం నుంచి భూమి కేంద్రానికి మూడు దిక్కుల్లో ఎన్ని మీటర్లు జరగాలో అవి చెబుతాయి. మీ తెర మీద ఆ సంఖ్యలు కనిపించాయా లేదా అన్నది కళ్ళతో చూసి నిర్ధారించుకోండి.

సరిగ్గా జరిగిందో లేదో పోల్చుకోవడానికి ఒక లెక్క ఇస్తాను. నందిగామ ప్రాంతంలో ఈ మార్పిడి తర్వాత అక్షాంశం 4 సెకన్లు పెరుగుతుంది, రేఖాంశం 5.6 సెకన్లు తగ్గుతుంది. నేల మీద ఉత్తరానికి సుమారు 124 మీటర్లు, పడమరకు 167 మీటర్లు. హైదరాబాద్ దగ్గర 117, 142. మీకు ఈ మోతాదులో జరుగుడు రాకపోతే, లేదా వ్యతిరేక దిక్కున వస్తే, ఎక్కడో ప్లస్, మైనస్ గుర్తు తారుమారైంది.

ఈ మూడు సంఖ్యలు దేశం మొత్తానికి కలిపి ఇచ్చినవి. ఒక్కో చోట పది పదిహేను మీటర్ల తేడా మిగిలిపోతుంది. అందుకే చివర్లో మీ ప్రాంతానికి సరిచూసుకోవాలి. షీట్ మీదా నేల మీదా కచ్చితంగా ఒకటే అని చెప్పగలిగే గుర్తులు అయిదారు తీసుకోండి. పాత రైలు వంతెన, గుడి, గుట్ట మీది త్రికోణ స్టేషన్ మంచివి. చెరువు గట్టు వద్దు, పూడికతోనూ మరమ్మతులతోనూ మారిపోతుంది. రోడ్డు మలుపు అసలే వద్దు. ఆ గుర్తుల దగ్గర జీపీఎస్ పెట్టి చూస్తే తేడా అన్నిటికీ ఇంచుమించు ఒకే దిక్కున, ఒకే దూరం రావాలి. వస్తే సగటు తీసి బొమ్మ మొత్తాన్ని అంత జరపండి. ఒకటి మాత్రం వేరే దిక్కు చూపిస్తే ఆ గుర్తే తప్పు, దాన్ని వదిలెయ్యండి.

ఇంత చేసినా ఆ షీట్ నుంచి ఏం ఆశించాలో కూడా తెలుసుకోవాలి. ఈ స్కేలులో కాగితం మీద అర మిల్లీమీటరంటే నేల మీద 25 మీటర్లు. పాత వాగు దారి ఎటు, పాత చెరువు విస్తీర్ణం ఎంత లాంటి ప్రశ్నలకు అది బంగారం లాంటి ఆధారం. రెండు పొలాల మధ్య గట్టు తగాదాకు మాత్రం దాన్ని తీసుకురాకండి.

ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్‌లోనే మళ్ళీ కొన్ని రకాలున్నాయి, ఇది కూడా చాలామందికి తెలియదు. ఎవరెస్ట్ అడుగుల్లో లెక్కించాడు. ఆ భారతీయ అడుగును మీటర్లలోకి మార్చేటప్పుడు ఒక్కో కాలంలో ఒక్కో విలువ వాడారు. అందుకే భూమి అర్ధవ్యాసం ఒక చోట 6377276.345 మీటర్లు, ఇంకో చోట 6377299.151, మరో చోట 6377301.243 అని కనిపిస్తుంది. పాత యూటీఎం అంకెలతో పని చేసేవాళ్ళకు ఇది ఉత్తరపు కొలతలో ఏడెనిమిది మీటర్ల తేడా తెస్తుంది. పాత రిపోర్టులో ఏ విలువ ఉందో చివరి అంకె దాకా చూసుకోండి.

డబ్ల్యూజీఎస్ 84 అంటే ఒక్కటి కాదు, నేల కూడా నిలకడగా లేదు

పాత షీట్ల గొడవ లేదు, మాదంతా కొత్త జీపీఎస్ పనే అనేవాళ్ళకు ఈ భాగం ముఖ్యం.

డబ్ల్యూజీఎస్ 84 పేరు 1980ల నుంచీ అదే. లోపల మాత్రం చాలాసార్లు మార్చారు. మొదట్లో అది ఒకటి రెండు మీటర్ల మేరకే కచ్చితం. 1994లో జీ730, తర్వాత జీ873, జీ1150 ఇలా వస్తూ 2021లో జీ2139, 2024లో జీ2296 దాకా వచ్చాయి. జీ పక్కన ఉన్న అంకె జీపీఎస్ వారం సంఖ్య. ప్రతిసారీ దాన్ని ఐటీఆర్‌ఎఫ్ అనే అంతర్జాతీయ చట్రానికి దగ్గరగా తెచ్చారు. ఇవాళ ఆ రెండింటి మధ్య తేడా మన పనిలో పట్టించుకోవాల్సినంత లేదు.

ఐటీఆర్‌ఎఫ్‌ని నాలుగు రకాల కొలతలు కలిపి తయారు చేస్తారు. సుదూర క్వేజార్ల రేడియో తరంగాలను వినే యాంటెన్నాలు, ఉపగ్రహాలకు లేజర్ కొట్టి దూరం కొలిచే కేంద్రాలు, జీపీఎస్ లాంటి ఉపగ్రహ వ్యవస్థల స్టేషన్లు, డోరిస్ అనే ఫ్రెంచ్ వ్యవస్థ. 1988తో మొదలై 2000, 2005, 2008, 2014 మీదుగా 2020 దాకా ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. 2014కీ 2020కీ మధ్య తేడా కొద్ది మిల్లీమీటర్లే. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐలో ఉన్న హైడ్ అనే స్టేషను, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉన్న స్టేషను ఈ అంతర్జాతీయ జాలంలోవే.

ఆ హైడ్ స్టేషను యాంటెన్నా దాని స్తంభం మీద నుంచి కదల్లేదు. అయినా దాని ఐటీఆర్‌ఎఫ్ కోఆర్డినేట్ ఏటా సుమారు 4 సెంటీమీటర్లు తూర్పుకు, 3.5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతోంది. భారత ఫలకం మొత్తం ఈశాన్యంగా, హిమాలయాల వైపు నెట్టుకుపోతోంది కాబట్టి. కలిపితే ఏడాదికి అయిదు సెంటీమీటర్ల పైచిలుకు. అందుకే ఐటీఆర్‌ఎఫ్ కోఆర్డినేట్ పక్కన తేదీ తప్పనిసరి. దాన్ని ఎపోక్ అంటారు, 2012.3 లాగా దశాంశ సంవత్సరంలో రాస్తారు.

ఇది పుస్తకాల్లో మాటలా అనిపిస్తుంది, నెత్తి మీదికి వచ్చే దాకా. 2024లో జగ్గయ్యపేట వైపు ఒక సున్నపురాయి గనికి లీజు హద్దు స్తంభాలు మళ్ళీ కొలవడానికి వెళ్ళాం. 2012లో డీజీపీఎస్‌తో (తెలిసిన చోట పెట్టిన ఇంకో రిసీవర్‌తో సరిచేసే జీపీఎస్) కొలిచిన కోఆర్డినేట్ల పట్టిక వాళ్ళ దగ్గరుంది. మా కొలతలు పోల్చితే ప్రతి స్తంభమూ తూర్పుకు 48, ఉత్తరానికి 42 సెంటీమీటర్ల మోతాదులో తేడా. గని మేనేజర్‌కు టెన్షన్ పట్టుకుంది. స్తంభాలు ఎవరైనా జరిపారా, మనం లీజు దాటి తవ్వామా అని ఒకటే అడగడం. స్తంభాల మొదట్లో సిమెంటు పాతదే, పగులు లేదు, చుట్టూ మట్టి కదలలేదు. స్తంభాల మధ్య దూరాలు 2012లో ఎంతో ఇప్పుడూ అంతే.

పాత రిపోర్టు చివరి పేజీలో ఎవరో సర్వేయర్ ఒక్క వాక్యం రాసి పెట్టాడు, ఐటీఆర్‌ఎఫ్ 2008, కొలిచిన రోజు ఎపోక్ అని. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు, నమస్కారం పెట్టాలనిపించింది. పన్నెండేళ్ళు, ఏడాదికి 4 చొప్పున తూర్పు 48. ఏడాదికి 3.5 చొప్పున ఉత్తరం 42. తేడా అంతా ఫలకం కదలికే. కాగితం మీద లెక్క వేసి చూపించాక మేనేజర్ గారు టీ తెప్పించారు. ఆ వాక్యం లేకపోతే అరవై సెంటీమీటర్ల కోసం ఎన్ని నోటీసులు తిరిగేవో.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. పాత అంకెకూ కొత్త అంకెకూ ఎపోక్ రాసుకోండి. తేడా సంవత్సరాలను ఆ ప్రాంతపు వేగంతో గుణించండి. పాత అంకెను ముందుకు జరపాలన్నా, కొత్తదాన్ని వెనక్కి తేవాలన్నా ఈ లెక్కే. మన రెండు రాష్ట్రాల్లో మామూలు పనికి హైడ్ స్టేషన్ వేగం సరిపోతుంది. ఫలకం మొత్తం ఒకటిగా కదులుతుంది కాబట్టి ఊరికీ ఊరికీ మధ్య తేడా చాలా తక్కువ. అయితే అన్ని చోట్లా ఇంత నెమ్మది కాదు. 2004 డిసెంబర్ 26 భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ ఒక్క పూటలో సుమారు 3 మీటర్లు జరిగింది. అక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, సర్వే పనుల్లో ఉన్నవాళ్ళూ ఉన్నారు. అక్కడి పాత అంకెలకు ఏటా అయిదు సెంటీమీటర్ల లెక్క పనికిరాదు.

ఆస్ట్రేలియాలో, అమెరికాలో జీఐఎస్ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు ఒక్క మాట. ఆస్ట్రేలియా ఏడాదికి 7 సెంటీమీటర్లు జరుగుతోంది. వాళ్ళు తమ పాత 1994 డేటమ్ నుంచి 2020 డేటమ్‌కు మారినప్పుడు దేశం మొత్తం కోఆర్డినేట్లు 1.8 మీటర్లు జరిగాయి. అమెరికా వాళ్ళ నాడ్ 83 డేటమ్‌కీ ఐటీఆర్‌ఎఫ్‌కీ మధ్య ఒకటి నుంచి రెండు మీటర్లుంటుంది. అక్కడి ఫైలు తెరవగానే ఈ ప్రశ్నే ముందు అడగండి.

కార్స్‌తో పొలంలో

సర్వే ఆఫ్ ఇండియా దేశమంతా వెయ్యికి పైగా కార్స్ స్టేషన్లు పెట్టింది. ఇవి రాత్రీపగలూ ఉపగ్రహాలను చూస్తూ ఉండే స్థిరమైన రిసీవర్లు. 2020 ఏప్రిల్‌లో పల్లె ఇళ్ళ స్థలాలు కొలిచే స్వామిత్వ పథకం, అదే ఏడాది డిసెంబర్ 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వే మొదలయ్యాక కార్స్ అనే మాట పల్లెల్లో కూడా వినిపిస్తోంది. రిజిస్టర్ చేసుకుంటే ఎన్‌ట్రిప్ (ఇంటర్నెట్ మీద సవరణలు పంపే పద్ధతి) లాగిన్ ఇస్తారు. మొబైల్ డేటా మీద సవరణలు రోవర్‌కి, అంటే మీరు పొలంలో తిప్పే రిసీవర్‌కి, వస్తాయి. సిగ్నల్ బాగుంటే కొన్ని సెకన్లలో ఫిక్స్ (సెంటీమీటర్ల లెక్క కుదిరిందన్న సూచన) వస్తుంది, రెండు మూడు సెంటీమీటర్ల కచ్చితత్వం దొరుకుతుంది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది, కార్స్ స్టేషన్ కోఆర్డినేట్ ఏ ఎపోక్‌లో పెట్టారో, మీ రోవర్ అంకె కూడా అదే ఎపోక్‌లో వస్తుంది. మీరు కొలిచింది ఇవాళే అయినా సరే. అదే మీరు పీపీపీ పద్ధతిలో (దగ్గరి స్టేషన్ లేకుండా, ఉపగ్రహాల కచ్చితమైన కక్ష్యలు, గడియారాల లెక్కలతో) లెక్క చేయిస్తే ఇవాళ్టి ఎపోక్‌లో వస్తుంది. ఒకే రాయిని రెండు విధాలుగా కొలిచి తేడా వచ్చిందని కంగారుపడేవాళ్ళను ఏడాదికి ఇద్దరు ముగ్గురిని చూస్తున్నాను. లాగిన్ తీసుకున్న రోజే స్టేషన్ల ఫ్రేమ్ (చట్రం), ఎపోక్ ఏమిటో అడిగి కంట్రోలర్‌లో జాబ్ పేరు పక్కన రాసెయ్యండి.

నెట్‌వర్క్ లేని చోట సొంత బేస్, అంటే రోవర్‌కి సవరణలు పంపే మన స్థిరమైన రిసీవర్, పెట్టాలి. మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి ఒకసారి బేస్ పెట్టి, "అన్నా, కోఆర్డినేట్ అడుగుతోంది, హియర్ నొక్కనా?" అని ఫోన్ చేశాడు. నొక్కొద్దన్నాను. ఆ బటన్ నొక్కితే రిసీవర్ ఎవరి సాయం లేకుండా తనకు తెలిసిన చోటే బేస్ అనుకుంటుంది. అందులో రెండు నుంచి అయిదు మీటర్ల తప్పుండొచ్చు. రోవర్ ఫిక్స్ చూపిస్తుంది, రెండు సెంటీమీటర్లని చూపిస్తుంది, సర్వే అంతా కలిసికట్టుగా మూడు మీటర్లు పక్కన కూర్చుంటుంది. బేస్‌ని ముందు తెలిసిన పాయింట్ మీద పెట్టండి. అది లేకపోతే రెండు గంటలు స్టాటిక్‌గా (కదపకుండా) రికార్డు చేసి, రైనెక్స్ (అన్ని సాఫ్ట్‌వేర్లూ చదివే రూపం) ఫైలుగా మార్చి, దగ్గరి కార్స్ డేటాతో లెక్క చేసి, ఆ కోఆర్డినేట్ ఇచ్చాకే రోవర్ పని మొదలుపెట్టండి. పని మొదట్లో, చివర్లో ఒక తెలిసిన రాయి మీద రోవర్ పెట్టి చూడటం మానొద్దు.

విదేశీ వెబ్‌సైట్లకు ఫైలు పంపితే ఉచితంగా లెక్క చేసిస్తారు, తెలుసు. కానీ 2021 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అడ్డంగా 1 మీటరు, ఎత్తులో 3 మీటర్ల కంటే కచ్చితమైన డేటా మన దేశంలోనే నిల్వ చెయ్యాలి, ఇక్కడే లెక్క చెయ్యాలి. ప్రాజెక్టు పనులు ఇక్కడి కార్స్‌తోనే చేసుకోండి.

ఎత్తు విషయంలో నీళ్ళ మాట వినాలి

జీపీఎస్ ఇచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ మీద నుంచి. మనకు కావలసింది సముద్ర మట్టం మీద నుంచి. మన దేశం కింద గురుత్వ తలం, అంటే సముద్ర మట్టాన్ని నేల కిందికి పొడిగించినట్టుండే జియాయిడ్, ఎలిప్సాయిడ్ కంటే చాలా లోతుగా ఉంది. శ్రీలంక దక్షిణాన ఉన్న గుంట ప్రపంచంలోనే పెద్దది, అక్కడ లోతు వంద మీటర్లు దాటుతుంది. హైడ్ స్టేషన్ ఎలిప్సాయిడ్ ఎత్తు 442 మీటర్లకు దగ్గర. సముద్ర మట్టం లెక్కన అది 76 మీటర్లు ఎక్కువ. మన తీరంలో సముద్రపు ఒడ్డున రిసీవర్ పెడితే ఎత్తు మైనస్ పదుల మీటర్లని చూపించేది అందుకే.

అయితే 76 కలిపేస్తే సరిపోతుందనుకోవద్దు. జియాయిడ్ వాలుగా ఉంటుంది, కిలోమీటరుకు కొన్ని సెంటీమీటర్లు. సాగునీటి కాలువకు పదివేలకు ఒకటి వాలు ఇస్తే కిలోమీటరుకు పది సెంటీమీటర్లే. ఎలిప్సాయిడ్ ఎత్తులతో కాలువ తవ్వితే కాగితం మీద పల్లం, నేల మీద ఎత్తు కావచ్చు. నీళ్ళు జియాయిడ్ మాటే వింటాయి. జియాయిడ్ మోడల్ వాడండి. అది చాలదు, పనికి రెండు చివర్లా బెంచ్‌మార్కులు, అంటే సముద్ర మట్టం నుంచి ఎత్తు తెలిసిన గుర్తులు, కలపండి. పాత వంతెనల మీద, బంగళాల మెట్ల మీద జీటీఎస్ బీఎం (ఆ త్రికోణ సర్వే బెంచ్‌మార్కు) అని అక్షరాలు చెక్కి మధ్యలో చిన్న చదరం ఉంటుంది, వెతకండి. ఆ ఎత్తులు 1909 నాటి సర్దుబాటు నుంచి వస్తున్నాయి. తొమ్మిది రేవుల్లో సముద్రం ఆటుపోట్లు కొలిచి నిర్ణయించారు, వాటిలో మన విశాఖపట్నం ఒకటి.

గజం కర్రకూ గ్రిడ్‌కూ మధ్య

యూటీఎం గళ్ళ మీది దూరం, అంటే గ్రిడ్ దూరం, నేల మీది దూరం కాదు. మన జోన్ మధ్య రేఖ 81 డిగ్రీలు. విజయవాడ దానికి దగ్గర కాబట్టి, టేపుతో వెయ్యి మీటర్లు కొలిస్తే గ్రిడ్‌లో దాదాపు 38 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. హైదరాబాద్ దూరంగా ఉండటం వల్ల అదే కిలోమీటరు గ్రిడ్‌లో 40 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. బిల్లు వేసేటప్పుడు, ప్లాటు విస్తీర్ణం చెప్పేటప్పుడు నేల దూరమే చెప్పండి. జోన్ కూడా చూసుకోండి. జహీరాబాద్, నారాయణపేట, అనంతపురం, హిందూపురం 43లోకి పోతాయి. టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లోకి వస్తాయి.

మా దగ్గర చేరినవాళ్ళకు మొదటి రోజు ఇచ్చేది ఫీల్డుబుక్కు. దాని మొదటి పేజీలో నేనే రాసిస్తాను, వాళ్ళు ప్రతి పనికీ అది చూసి నింపాలి. గని పని పేజీ ఇలా ఉంది: స్తంభం 7. ఫ్రేమ్ ఐటీఆర్‌ఎఫ్ 2014. ఎపోక్ 2024.2, కొలిచిన రోజుదే. యూటీఎం 44 ఉత్తరం, గ్రిడ్ దూరాలు. ఎత్తు ఎలిప్సాయిడ్ మీద నుంచి, జియాయిడ్ కలపలేదు. యాంటెన్నా ఎత్తు 1.642, నిలువుగా. రాయి పాతదే, కదలలేదు, ఉత్తరం వైపు తుమ్మచెట్టు.